శొంఠి కొమ్ము, జింజర్ వేరు

తెలుగు వంటింట్లో పసుపు కొమ్ములుంటాయి, శొంఠి కొమ్ములుంటాయి. దుంపను కొమ్ముతో పోల్చడం మనకెంత అలవాటైపోయిందంటే, అది పోలిక అన్న సంగతే గుర్తుకు రాదు. ఇంగ్లీషు 'జింజర్' పుట్టుక గురించి చాలా పుస్తకాలు చెప్పే మాట అందుకే తెలుగు పాఠకుడికి ఇట్టే నచ్చుతుంది. ఆ మాటకు మూలం సంస్కృతంలోని 'శృంగవేర' అనీ, శృంగమంటే కొమ్ము, వేరమంటే ఒళ్ళు గనక కొమ్ములాంటి ఒళ్ళున్నదని అర్థమనీ ఆ పుస్తకాలు చెబుతాయి. అల్లం ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. అయినా ఆ వివరణ నిలవదు. మాట ఎప్పుడో పుట్టి, చాలా దూరం నడిచాక, పండితులు దానికి తొడిగిన అర్థం అది. అసలు మాట దక్షిణాది భాషల నుంచి ప్రాకృతంలోకి, అక్కణ్ణుంచి పడమటి దేశాలకు వెళ్ళింది. దాని రెండో సగం మనం రోజూ పలికే 'వేరు' తప్ప మరొకటి కాదు. ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్ కూడా శృంగానికీ అల్లానికీ కట్టిన సంబంధాన్ని నమ్మలేదు. మలబారులో పచ్చి అల్లాన్ని 'ఇంజి', 'ఇంజివేర్' అంటారని పక్కనే రాసిపెట్టారు.

ముందు పేచీ లేని భాగం చూద్దాం. నేటి ఇంగ్లీషు జింజర్ మధ్యయుగపు ఇంగ్లీషులో 'జింజివెరె'. అంతకు ముందు, నార్మన్లు ఇంగ్లండును గెలవకముందే, ఆంగ్లో-శాక్సన్ వైద్య గ్రంథాల్లో ఈ మాట ఉంది. లాటిన్ వైద్యం నుంచి అక్కడికి చేరింది. 1066 తరవాత ఫ్రెంచి రూపం తోడై దాన్ని స్థిరపరిచింది. మధ్యయుగ లాటిన్‌లో 'జింజిబెర్', ప్రాచీన లాటిన్‌లో 'జ' బదులు ఇంగ్లీషు జడ్ ధ్వనితో 'జింగిబెర్', దానికి ముందు గ్రీకులో 'జింగిబెరిస్'. జడ్ ధ్వని మన 'జ'గా మారడం లాటిన్ పిల్ల భాషల్లో ఇంకోచోట కూడా కనిపిస్తుంది. ఒకే గ్రీకు మాట నుంచి ఇంగ్లీషులోకి 'జెలస్' అని రెండు మాటలు వచ్చాయి. పట్టుదలను చెప్పేది జడ్‌తోనూ, అసూయను చెప్పేది జేతోనూ మొదలవుతాయి. జింజర్ వెళ్ళింది ఈ రెండో దారిలోనే. మాటల చరిత్రలో నమ్మదగ్గ అడుగు అంటే ఇదీ: ఒక మార్పు ఈ ఒక్క మాట కోసమే ఊహించినది కాకుండా, అదే కాలంలో అదే చోట మరికొన్ని మాటల్లో కూడా జరిగి ఉండాలి.

గ్రీకు దగ్గరికి వచ్చేసరికి కథ రసవత్తరమవుతుంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో డయోస్కోరిడీస్ తన ఔషధ గ్రంథంలో అల్లం అరేబియా వైపు పుడుతుందని రాశాడు. అదే శతాబ్దంలో ప్లినీ కూడా అరేబియా, ట్రోగ్లోడైట్ల దేశం అన్నాడు, అంటే ఎర్రసముద్రపు ఆఫ్రికా తీరం. అల్లం మిరియాల చెట్టు వేరని కొందరు అనుకుంటున్నారు, అది నిజం కాదు అని కూడా ప్లినీ సరిదిద్దాడు. రేటు కూడా ఇచ్చాడు: రోమన్ పౌనుకు 6 దినారీలు. నల్ల మిరియాలు 4, తెల్ల మిరియాలు 7, పిప్పళ్ళు 15. సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో కొనేవాడికి తెలిస్తే మధ్యవర్తి బేరం దెబ్బతింటుంది. కాబట్టి రోములో సరుకు ధర తెలిసినంత కచ్చితంగా దాని ఊరు తెలియకపోవడంలో వింత లేదు. సరుకు అరేబియా రేవుల మీదుగా వచ్చింది కనుక అక్కడే పండుతుందనుకున్నారు. పేరు మాత్రం అబద్ధం చెప్పలేదు. జింగిబెరిస్ అన్న మాటకు గ్రీకులో ఏ ధాతువూ లేదు, అరబ్బీ 'జంజబీల్'కు అరబ్బీలో ధాతువు లేదు. ఖురాన్ 76వ సూరాలో స్వర్గంలోని పానీయంలో కలిపేదిగా కనిపించే ఈ మాట అరబ్బీలోకి బయటి నుంచి వచ్చినదేనని భాషావేత్తల అభిప్రాయం. రెండు భాషల్లోనూ మొదటి ధ్వని జడ్ కావడం చూస్తే, భారతీయ 'స' పశ్చిమాసియా వర్తకుల నోళ్ళలో నలిగి అలా మారి ఉంటుందని అనుకోవచ్చు. ఇక 'వ' చోట 'బ' ఎందుకొచ్చిందన్నది పెద్ద చిక్కు కాదు. గ్రీకులో అప్పటికి మన 'వ'కు సొంత అక్షరం లేదు. ఉన్నవాటిలో దగ్గరిది బీటా. మన వేరును కన్నడిగులు 'బేరు' అంటారు కదా, ఈ రెండు ధ్వనుల మధ్య గోడ ఎక్కడైనా పలచనే.

ఇప్పుడు అసలు తగాదా. గ్రీకు మాట ఏ భారతీయ రూపం నుంచి వెళ్ళింది? సంస్కృతంలో 'శృంగవేర', పాలిలో 'సింగివేర'. వినయపిటకంలో జబ్బుపడ్డ భిక్షువులు దగ్గర ఉంచుకోదగిన వేళ్ళ జాబితాలో పసుపు, వసలతో పాటు సింగివేర కూడా ఉంది. ఈ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి 'గ' తరవాతి అచ్చును చూడండి. సంస్కృతంలో అకారం, పాలిలో ఇకారం. గ్రీకులోనూ ఇకారమే, లాటిన్‌లోనూ ఇకారమే. కాబట్టి పడమటికి వెళ్ళింది ప్రాకృత రూపమేనని తేలుతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు, రేవుల్లో బేరాలాడేవాళ్ళు సంస్కృతంలో ఆడరు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది. శృంగం ప్రాకృతంలో 'సింగ' అవుతుంది, శృంగారం సింగారమైనట్టే. మరి శృంగవేర నియమం ప్రకారం 'సింగవేర' కావాలి. సింగివేర ఎందుకైంది? వ్యవహారం తిరగబడి జరిగిందనుకుంటే చిక్కు విడిపోతుంది. జనం నోట సింగివేర ఉంది. దాన్ని గ్రంథంలోకి ఎక్కించాలనుకున్న పండితుడికి, సింగారం వెనక శృంగారం ఉన్నట్టే సింగి వెనక శృంగం కనిపించింది. అల్లం ఆకారం ఆ ఊహకు సాయం చేసింది. ఇకారం అడ్డొస్తే తీసేశాడు. గుహుడు రాముడికి ఎదురొచ్చిన గంగాతీరపు పట్టణం శృంగవేరపురం పేరులో కూడా ఇదే రూపం ఉంది కాబట్టి, అలా సంస్కరించిన మాట ఉత్తరాదిన బాగానే స్థిరపడిందని చెప్పవచ్చు.

ఒక్క అచ్చు మీద ఇంత భారం మోపడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయం కాదు. పక్కనున్న అచ్చుల ప్రభావంతో అకారం ఇకారం కావడం ఏ భాషలోనైనా జరగవచ్చు. అందుకే రెండో సగాన్ని చూడాలి, వాదానికి బలం అక్కడే ఉంది. సంస్కృతంలో 'వేర' అంటే శరీరం అని కోశాలు రాశాయి, కానీ కోశాలు రాయడమే తప్ప కవులో వైద్యులో ఆ అర్థంలో ఆ మాటను వాడిన దాఖలా లేదు. మరి తమిళం, మలయాళంలో 'వేర్', కన్నడంలో 'బేరు', తుళులో 'బేరు', తెలుగులో 'వేరు': పసిపిల్లాడికి కూడా తెలిసిన మాట. ఒక సమాసాన్ని రెండు భాషలు మాదంటే మాదన్నప్పుడు, ముక్కలు చేసి ఏ భాషలో ఆ ముక్కలు బతికి ఉన్నాయో చూడాలి. ఒకచోట కోశంలో మాత్రమే ఊపిరి పీల్చే మాట, ఇంకోచోట పొలంలో, పెరట్లో, సామెతల్లో తిరిగే మాట. తీర్పు కష్టం కాదు. పైగా మందు వేళ్ళకూ సువాసన వేళ్ళకూ చివర వేరు చేర్చి పేరు పెట్టడం దక్షిణాది దుకాణాల్లో నేటికీ మామూలే. ఎండాకాలం తడికలకు కట్టే వట్టివేరునే చూడండి. తమిళ 'వెట్టివేర్' ఫ్రెంచివాళ్ళ ద్వారా ఇంగ్లీషులోకి వెళ్ళి, నేడు పారిస్ అత్తరు సీసాల మీద 'వెటివర్' అయి కూర్చుంది. దాని పుట్టుక గురించి ఎవరికీ అనుమానం లేదు. ఇంజివేర్ అదే అచ్చులో పోసిన పాత మాట.

మరి మన శొంఠి కొమ్ము మాటేమిటి? శృంగవేరను సమర్థించేవాళ్ళు ఇంతకన్నా మంచి సాక్షిని ఎక్కడా తేలేరు. వంటింటి తెలుగు కూడా కొమ్ము అంటోందంటే, ఆ పోలిక పండితుల గదిలో అల్లినదేమీ కాదన్నమాట. ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ సాక్ష్యం చెప్పేది అల్లం కొమ్ములా కనిపిస్తుందని మాత్రమే. పేరు అందువల్లే వచ్చిందని కాదు. జనానికి సహజంగా తట్టే పోలిక గనకే తప్పు వివరణ అంత సులువుగా అతుక్కుంది. ఎవరికీ తట్టని పోలికైతే ఎవరూ నమ్మేవాళ్ళు కారు. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది: ద్రావిడ భాషల్లో కొమ్ము, కొమ్మ చుట్టాలు, తమిళ 'కొంబు'కు ఆవు కొమ్ము, చెట్టు కొమ్మ రెండూ అర్థాలే. దుంప నుంచి పిలకలా చీలిన ముక్కను మనవాళ్ళు కొమ్ము అన్నప్పుడు ఆవు గుర్తొచ్చిందో చెట్టు గుర్తొచ్చిందో తేల్చడం కష్టం. వృక్షశాస్త్రం ప్రకారం అల్లం వేరు కానే కాదు, భూమిలో అడ్డంగా పెరిగే కాండం. ఆ లెక్కన వేరన్నవాళ్ళదీ పొరపాటే, కానీ మట్టిలోంచి తవ్వి తీసేదాన్ని వేరనడం లోకంలో అందరూ చేసే పనే.

ఇక మొదటి సగం. తమిళ మలయాళాల్లో 'ఇంజి', పాలిలో 'సింగి'. మొదట్లో 'స' ఎక్కడిది? ఇక్కడ మన ఇరుగుపొరుగు భాషలు ఉపయోగపడతాయి. మన 'ఉప్పు'ను ఆదిలాబాదు కొలాములు 'సుప్' అంటారు, బస్తరులోని పర్జీలో అది 'చుప్'. మన 'ఆరు' గోండీలో 'సారుంగ్'. 'ఇచ్చు'కు పాత ధాతువు 'ఈ', కొలామీలో అది 'సీ'. అంటే మూల ద్రావిడంలో మాట మొదట ఉన్న చకారం కొన్ని భాషల్లో సకారమై నిలిచింది, కొన్నింట్లో హకారమై చివరికి ఊడిపోయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గోండీ మాండలికాల్లో ఈ మూడు దశలూ నేటికీ పక్కపక్కనే బతికి ఉండటాన్ని చూపిస్తూ 1998లో రాసిన వ్యాసం ధ్వని మార్పు ఎలా నడుస్తుందో తెలుసుకోగోరేవాళ్ళకు చక్కని పాఠం. ఈ వెలుగులో చూస్తే సింగివేర ఒక శిలాజం. సంగం కాలపు తమిళ పద్యాల్లో అల్లం అప్పటికే సకారం లేని ఇంజి. సకారం ఊడకముందు ఉత్తరాదికి వెళ్ళిన రూపాన్ని పాలి భద్రంగా దాచింది.

ఇక్కడ తెలివైన ప్రతివాది ఒక మాట అనగలడు. సంస్కృత 'సహస్ర' నుంచి తమిళంలోకి వెళ్ళిన 'ఆయిరం'లో కూడా మొదటి సకారం ఊడింది కదా, అలాగే సింగివేర కూడా ఉత్తరాది నుంచి దక్షిణాదికి వచ్చి ఇంజివేర్ అయి ఉండకూడదా? మంచి ప్రశ్న. సకారం ఊడటం రెండు రూపాల బంధుత్వాన్నీ వయసునూ చెబుతుంది గానీ మాట ఎటు నుంచి ఎటు నడిచిందో చెప్పలేదు. దిక్కును చెప్పేది మళ్ళీ వేరే. అరువు తెచ్చుకున్న మాట తోక అనుకోకుండా సొంత భాషలో 'వేరు' అన్న అర్థానికి సరిగ్గా సరిపోవడం, ఆ వస్తువు కూడా నేలలోంచి తీసేదే కావడం, తోక తీసేసినా ఇంజి ఒంటరిగా చెల్లడం: ఇన్ని కాకతాళీయాలను నమ్మడం కన్నా మాట దక్షిణాదిది అనుకోవడమే తేలిక. తమిళంలో 'జ'కూ పాలిలో 'గ'కూ పొత్తు కుదర్చడమే ఈ వాదంలో కొంచెం వదులుగా ఉన్న కీలు. ఇకారం పక్కన కంఠ్య ధ్వని తాలవ్యమైందని అంటారు. మాట మొదట్లో అలా జరగడానికి కన్నడ 'కివి', మన 'చెవి' సాక్ష్యం, మాట నడుమ మాత్రం అంత బలమైన ఉదాహరణలు లేవు.

అల్లం మొక్క అడవిలో తనంతట తాను పెరిగి కనిపించదు, విత్తనాలతోనూ వ్యాపించదు. దుంప ముక్కను మనిషి మోసుకెళ్ళి పాతాల్సిందే. దాని కుటుంబానికి పుట్టిల్లు ఆగ్నేయాసియా వైపు. థాయిలో అల్లాన్ని 'ఖింగ్' అంటారు, బర్మీయులు 'జిన్'కు దగ్గరగా పలుకుతారు. కాబట్టి సింగి అన్న ముక్కే తూర్పు నుంచి దుంపతో పాటు వచ్చి, ఇక్కడ వేరు అన్న తోక తగిలించుకుందని కొందరి అభిప్రాయం. అలన్ రాస్ 1952లో ఈ ఒక్క మాట మీదే ఒక పుస్తకం రాశాడు, ఆ దారులన్నీ అందులో తిరిగాడు. (ఇంగ్లండులో పెద్దింటి మాటలు, మామూలు మాటలు అని విడదీసి రెండేళ్ళ తరవాత గొడవ లేపినది కూడా ఈయనే.) తూర్పు మూలం నాకు అసాధ్యంగా ఏమీ తోచదు, కానీ మొక్క ఎక్కడ పుడితే పేరూ అక్కడే పుట్టాలన్న నియమం లేదు. పడవల్లో దుంపలు పెట్టుకుని పసిఫిక్ దీవులదాకా వెళ్ళిన ఆస్ట్రోనేషియన్ల ప్రాచీన మాట 'లఖియా' లాంటిది. మలయ్ 'హలియా', తగలోగ్ 'లూయా' దాని వారసులు. ఆ పేరు యూరపు గడప తొక్కనే లేదు. గడప తొక్కింది, రోముకు సరుకు ఎగుమతి చేసిన తీరపు పేరు. ఎర్రసముద్రం మీది ఈజిప్టు రేవులు బెరెనికే, కుసైర్ అల్-కదీమ్ తవ్వకాల్లో తమిళ బ్రాహ్మీ లిపి గీసిన కుండ పెంకులు దొరికాయి. ఆ తీరం మనుషులు అంతదూరం వెళ్ళారనడానికి అవి చాలు.

ఇదంతా దక్షిణాది అభిమానం అనేవాళ్ళకు వడ్లను చూపిస్తాను. గ్రీకు 'ఒరుజా', దానినుంచి ఇంగ్లీషు 'రైస్', తమిళ 'అరిసి' నుంచి వచ్చాయని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. తెలుగువాళ్ళకు వరి కూడా చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. కానీ సంస్కృత 'వ్రీహి', పష్తో 'వ్రిజె' పక్కన పెట్టి చూస్తే గ్రీకు మాట ఇరాన్ దారిన వెళ్ళిందనడమే సబబు. జింజర్ మీద వర్తించిన కొలబద్దే ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. పోలిక మోసానికి ఇంకా గొప్ప ఉదాహరణ జర్మన్ భాషలో ఉంది. అక్కడ అల్లం పేరు 'ఇంగ్వర్'. ఇంజివేర్‌కు యూరపులో ఇంత దగ్గరి రూపం ఇంకోటి లేదు, అయినా తమిళంతో దానికి నేరుగా ఏ సంబంధమూ లేదు. లాటిన్, ఫ్రెంచి దారిలోనే వచ్చి, మధ్యయుగంలో మొదటి హల్లును పోగొట్టుకుంది. తమిళంలో ఊడిన హల్లు వేరు, జర్మన్‌లో ఊడిన హల్లు వేరు, మధ్య వెయ్యేళ్ళకు పైగా దూరం. అలాగే ఇంగ్లీషులో 'జింజర్లీ' అంటే ఆచితూచి అని అర్థం. దాన్ని అల్లంతో ముడిపెట్టాలని అనిపిస్తుంది గానీ అది నాజూకు అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిందంటారు.

తెలుగు సంగతి చూస్తే, ఇంజి మనకు దక్కనే లేదు. మనదీ కన్నడిగులదీ 'అల్ల' శబ్దం. ఎండినదానికి సంస్కృతం నుంచి శొంఠి తెచ్చుకున్నాం. జింజర్‌లో మన చెవికి తెలిసింది చివరి ముక్క ఒక్కటే, అదీ ఇంగ్లీషు నోట్లో అరిగిపోయింది: జింజివెరెలోని వకారం జారిపోగా మిగిలిన '-అర్' మాత్రమే నేడు వేరుకు గుర్తు. ఈ మాటకు సొంత అర్థం అతికించే సరదా కూడా మన పండితుడితో ఆగలేదు. నిల్వ చేసిన అల్లానికి ఫ్రెంచిలో 'జింజెంబ్రాస్' అనే పేరుండేది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని విని, చివరి ముక్క తమ 'బ్రెడ్' అనుకుని 'జింజర్‌బ్రెడ్' చేశారు. అప్పటికి అందులో రొట్టె లేదు. పేరులో రొట్టె వచ్చింది కాబట్టి కాబోలు, తరవాత ఆ పేరును అల్లం వేసి కాల్చిన తీపి రొట్టెకే ఇచ్చారు.